సిమ్ లేని టాబ్లెట్‌తో డ్రోన్: మూడేళ్ల వాడకం తర్వాత

మూడేళ్లుగా నా డ్రోన్ రిమోట్‌కు స్క్రీన్‌గా తగిలించి వాడుతున్నది సెల్యులర్ ఐప్యాడ్, అంటే సిమ్ వేసుకునే వీలున్నది. అందులో ఒక్కరోజు కూడా సిమ్ వేయలేదు. కొనేటప్పుడు షాపులో కుర్రాడు, "సిమ్ వేయనప్పుడు ఇదెందుకు సార్? వై-ఫైది తీసుకోండి, చాలా మిగులుతుంది" అన్నాడు. ఆ మాట వినకపోవడమే మంచిదైంది. అదెందుకో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

కారణం జీపీఎస్. వై-ఫై ఐప్యాడ్‌లో జీపీఎస్ చిప్ ఉండదు. చుట్టుపక్కల వై-ఫైలను బట్టి తానెక్కడుందో లెక్క వేసుకుంటుంది. కొండల్లో వై-ఫై ఎక్కడిది? సెల్యులర్ మోడల్‌లో చిప్ ఉంటుంది. అది ఉపగ్రహాల నుంచి నేరుగా సిగ్నల్ అందుకుంటుంది కాబట్టి సిమ్ లేకపోయినా పనిచేస్తుంది. ఆండ్రాయిడ్‌లో వై-ఫై టాబ్లెట్లకూ జీపీఎస్ ఉన్నవి చాలా ఉన్నాయి, కొనేముందు చూసుకోండి. డ్రోన్ నుంచి వీడియో రావడానికైతే నెట్‌తో పనే లేదు, అది రిమోట్ రేడియో మీదే వస్తుంది.

వైజాగ్ వాళ్లకు ఈ సంగతి మరీ ముఖ్యం. మన ఊళ్లోనే నేవీ వారి విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగా ఉంది. తూర్పు నౌకాదళం ప్రధాన కేంద్రమూ ఇక్కడే. ఊళ్లో డ్రోన్ ఎగరేయాలనే ఆలోచన నేనెప్పుడో మానుకున్నాను. డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో జోన్ చూసుకుని, సెలవు దొరికినప్పుడు ఎస్.కోట మీదుగా అరకు వైపు వెళ్తాను. ఘాట్ ఎక్కాక ఫోన్‌లో సిగ్నల్ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు.

పోయిన నవంబరులో వలిసె పూల కోసం వెళ్లాను. అరకు ఇంకా రాకముందే రోడ్డు పక్క పల్లెలో పొలాలు పసుపు పరిచినట్టు కనిపిస్తే ఆగిపోయాం. రోడ్డంచున ఖాళీ జాగాలో డ్రోన్ లేపి, రిమోట్ పట్టుకుని గట్టు మీద నడుచుకుంటూ చాలా దూరం లోపలికి వెళ్లాను. ఎండ వచ్చేసిందనుకున్నాను. కొండ మీది నుంచి మంచు ఎలా దిగిందో తెలియదు, రెండు నిమిషాల్లో స్క్రీన్ అంతా తెల్లగా అయిపోయింది. తలెత్తి చూస్తే డ్రోన్ లేదు. పక్కనే చేలో ఉన్న రైతు, "కనబడతాలేదు బాబూ, ఆ కొండెనక్కి గాని పోయిందా?" అన్నాడు. చేతులు చల్లబడ్డాయి.

డ్రోన్‌ను వెనక్కి రప్పించే రిటర్న్ టు హోమ్ బటన్ నొక్కితే సరిపోతుంది కదా అని మీరు అనుకోవచ్చు. నొక్కబోయి ఆగాను. డ్రోన్ లేపిన చోటే దానికి హోమ్. వెనక్కి తిరిగి చూస్తే ఆ జాగాలో టూరిస్టు బస్సు ఆగి ఉంది, పిల్లలూ పెద్దలూ దిగి ఫొటోలు తీసుకుంటున్నారు. వాళ్ల మధ్యలోకి దింపలేను. మ్యాప్ తెరిచాను. అరకు టౌన్ మ్యాప్ ఇంట్లోనే దించుకున్నాను గానీ ఈ పల్లె అందులో లేదు, ఉట్టి గళ్లు కనిపించాయి. కానీ ఆ గళ్ల మీద రెండు గుర్తులు స్పష్టంగా ఉన్నాయి: డ్రోన్ బాణం ఒకటి, నా నీలి చుక్క ఒకటి. ఆ చుక్క టాబ్లెట్ జీపీఎస్ ఇస్తున్నది. యాప్‌లో హోమ్ పాయింట్‌ను నేనున్న చోటికి మార్చి, అప్పుడు రిటర్న్ నొక్కాను. దాదాపు నిమిషం టెన్షన్. ముందు చప్పుడు వినిపించింది, తర్వాత మంచులోంచి నల్లగా చిన్న చుక్క. నాకు ఏడెనిమిది అడుగుల్లో, పక్కన దున్ని వదిలిన మడిలో దిగింది. డ్రోన్‌ను చూపు దాటి పోనిచ్చిన తప్పు నాదే. కానీ ఆ రోజు బయటపడేసింది ఈ టాబ్లెట్.

అప్పటి నుంచి స్నేహితులందరికీ "డేటా ప్లాన్ అక్కర్లేదు, కళ్లు మూసుకుని తీసుకోండి" అని చెప్పాను. ఇప్పుడు ఆ మాట కొంచెం తగ్గించుకోవాలి.

నెట్ లేకుండా జీపీఎస్ దారికి రావడానికి టైమ్ పడుతుంది. ఫోన్ అయితే ఉపగ్రహాల వివరాలు నెట్ నుంచి లాక్కుంటుంది. సిమ్ లేని టాబ్లెట్ వాటిని ఆకాశం నుంచే నెమ్మదిగా అందుకోవాలి. ఫిబ్రవరిలో ఒకసారి వైజాగ్‌లో ఆఫ్ చేసిన టాబ్లెట్‌ను అనంతగిరిలో ఆన్ చేస్తే, నీలి చుక్క చాలాసేపు ఎంవీపీ కాలనీలో మా ఇంటి దగ్గరే నిలబడి ఉంది. ఆ స్థితిలో హోమ్ పాయింట్ మార్చి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. ఇప్పుడు నా పద్ధతి ఇది: డ్రోన్ కాళ్ల దగ్గర పెట్టుకుని ఆన్ చేస్తాను. మ్యాప్ ఉన్నా లేకపోయినా, డ్రోన్ గుర్తూ నా చుక్కా ఒకే చోట కలిసేదాకా ఎగరేయను. ఐదారు నిమిషాలు పట్టినా సరే.

మ్యాప్‌లు, లాగిన్, యాప్ అప్‌డేట్లు బయల్దేరే ముందు రాత్రే ఇంటి వై-ఫైలో చూసుకోవాలి. ఒకసారి అప్‌డేట్ తర్వాత దాచుకున్న మ్యాప్ మొత్తం పోయింది, అది కొండెక్కాకే తెలిసింది. దారిలో సిగ్నల్ ఉన్నచోట ఫోన్ హాట్‌స్పాట్‌తో గట్టెక్కుతాను. అంటే డేటా ప్లాన్ లేదని చెప్పడం పూర్తిగా నిజం కాదు, అది ఫోన్‌లో ఉంది. లైవ్ పెట్టేవాళ్లకు ఇది అసలు కుదరదు.

ఇంకో లాభం ఉంది. ఫోన్ తగిలించి ఎగరేసే రోజుల్లో కాల్ వస్తే వీడియో మీద పడేది. సిమ్ లేని టాబ్లెట్‌కు ఎవరూ ఫోన్ చేయరు.

నాకు నలభై ఎనిమిదేళ్లు, చిన్న స్క్రీన్ మీద చెట్టు కొమ్మలు కనబడవు. నెలకు రెండుసార్లు సిగ్నల్ లేని చోటికి వెళ్తాను. కాబట్టి ఆ అదనపు డబ్బు నాకు దండగ కాలేదు. స్క్రీన్, జీపీఎస్ రెండూ ఉన్న రిమోట్ మీ దగ్గర ఉంటే టాబ్లెట్ అవసరమే రాకపోవచ్చు. మా బావమరిది ఎప్పుడూ సిగ్నల్ ఉన్నచోట, డ్రోన్ లేపిన చోటు నుంచి కదలకుండా ఎగరేస్తాడు. మొన్న అడిగితే వై-ఫైదే తీసుకోమన్నాను. వాడు అరకు రావడం మొదలుపెడితే మళ్లీ మాట్లాడుకుంటాం.