శంషాబాద్ నుంచి డాలస్: ఏ దారిన పోవాలి?

గోడ మీది మ్యాపు చూసి అమెరికా అంటే పడమర అనుకుంటాం. గ్లోబు మీద హైదరాబాద్ నుంచి డాలస్‌కి దారం పట్టి చూడండి, అది ఉత్తరానికి తిరిగి దాదాపు ధ్రువం పక్కనుంచే పోతుంది. మనది 78 డిగ్రీల తూర్పు రేఖాంశం, డాలస్‌ది 97 డిగ్రీల పడమర. అంటే భూగోళానికి అటొకటి, ఇటొకటి. ఆ దారం పొడవు సుమారు 14,400 కిలోమీటర్లు.

ఆ దారిన నేరుగా పోయే విమానం లేదు గనక ఎక్కడో దిగి మారాల్సిందే. అమ్మని తీసుకెళ్ళేటప్పుడు లెక్కలు వేసి చూశాను. దుబాయ్ మీదుగా 15,450 కిలోమీటర్లు, లండన్ మీదుగా 15,400. దూరంలో తేడా లేనట్టే. తేడా అంతా దాన్ని విడగొట్టడంలో ఉంది. దుబాయ్ దారిలో ముందు నాలుగు గంటలు, తర్వాత ఏకబిగిన పదహారు. లండన్ దారిలో పది, మళ్ళీ పది.

మోకాళ్ళ నొప్పులున్న మనిషికి ఆ పదహారు గంటలు నరకమే. పన్నెండో గంట దాటాక సినిమాలూ పనిచేయవు, నిద్రా రాదు. పైగా మొదటి విమానం అర్ధరాత్రి దాటాక ఉంటే ఆ నాలుగు గంటలూ కునికిపాట్లే. మేం వెళ్ళింది లండన్ మీదుగా. కాళ్ళ వాపు చాలా తక్కువగా వచ్చింది. లండన్ విమానాశ్రయం హీత్రూలో మళ్ళీ భద్రతా తనిఖీ, నడక మాత్రం తప్పవు.

అయినా పెద్దవాళ్ళు ఒంటరిగా వెళ్తుంటే నేను దుబాయే అంటాను. గేటు దగ్గర నిలబడితే సగం మంది తెలుగే మాట్లాడుతుంటారు, వచ్చిన నాలుగు హిందీ ముక్కలతోనూ పని జరిగిపోతుంది. వీల్‌చైర్, శాకాహార భోజనం టికెట్ కొనేటప్పుడే నమోదు చేయించండి, విమానం ఎక్కాక అడిగితే దొరకదు. మధ్యలో ఎక్కువ గంటలు ఆగాల్సొస్తే అక్కడ టెర్మినల్ లోపలే హోటల్ ఉంది. చవకేం కాదు గానీ, నడుం వాల్చడానికి ఊళ్ళోకి పోనక్కర్లేదు.

గంటంపావులో విమానం మారే టికెట్లు చవగ్గా కనిపిస్తాయి. పెద్దవాళ్ళకి అవి వద్దేవద్దు, మూడు గంటలైనా వ్యవధి ఉండాలి.

గడియారం సంగతి ఇంకో తమాషా. వేసవిలో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. శంషాబాద్‌లో తెల్లవారుజామున నాలుగింటికి ఎక్కి, దుబాయ్‌లో మూడు గంటలు ఆగినా, అదే రోజు సాయంత్రం నాలుగున్నరకి డాలస్‌లో దిగుతారు. దిగగానే నిద్రపోనివ్వకండి, పిల్లలతో కబుర్లలో పెట్టి రాత్రి తొమ్మిది దాకా లాగండి.

తిరుగు ప్రయాణంలో పైగాలి వెనకనుంచి తోస్తుంది, కాబట్టి డాలస్–దుబాయ్ గంటో గంటన్నరో తగ్గుతుంది. వెళ్ళేటప్పుడు లండన్, వచ్చేటప్పుడు దుబాయ్ పడేలా టికెట్ కుదిరితే, ధర కాస్త ఎక్కువైనా నేను అదే తీసుకుంటాను.