హైబర్నేట్ ఐడీ జెనరేషన్: ‘ఆటో’ అని వదిలేస్తే ఏమవుతుంది

జావా ఆబ్జెక్టులను డేటాబేస్ టేబుళ్లలో దాచిపెట్టే లైబ్రరీ హైబర్నేట్. దాని 4వ వెర్షన్ కాలం నుంచి ప్రైమరీ కీల (ప్రతి రోనూ గుర్తుపట్టే ఐడీల) పని దానికే అప్పజెప్పి వాడుతున్నాను, మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ డేటాబేసుల మీద. సౌకర్యం బాగుంది, రేపు కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టినా ఇదే వాడతాను. ‘ఆటో’ స్ట్రాటజీని మాత్రం దగ్గరికి రానివ్వను.

ఆటో అంటే ఐడీ నంబర్లు ఎలా పుట్టాలో మనం ఏమీ తేల్చకుండా నిర్ణయం హైబర్నేట్‌కి వదిలేయడం. ఆ నిర్ణయం వెర్షన్ మారితే మారిపోతుంది. 4లో మైఎస్‌క్యూఎల్ మీద ఆటో అంటే మామూలు ఆటో ఇంక్రిమెంట్ కాలమ్, అంటే డేటాబేసే తర్వాతి నంబరు వేసుకునేది. 5లో డిఫాల్ట్ మారి, మైఎస్‌క్యూఎల్‌లో సీక్వెన్సులు (అడిగినప్పుడల్లా తర్వాతి నంబరు ఇచ్చే కౌంటర్లు) లేవు కాబట్టి, నంబర్ల కోసం ‘హైబర్నేట్ సీక్వెన్స్’ అని విడిగా ఒక టేబుల్ కావాలంది. 6లో అన్నిటికీ కలిపి ఒక సీక్వెన్స్ పోయి, ఎంటిటీకొకటి (టేబుల్‌కి జతైన ఒక్కో జావా క్లాస్‌కి ఒకటి) వచ్చింది. అప్‌గ్రేడ్ చేస్తే ‘సీక్వెన్స్ లేదు’ అని ఎర్రర్. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు కదా అని తల పట్టుకునేది ఇక్కడే. సీక్వెన్స్ పేరు తేల్చే నేమింగ్ స్ట్రాటజీ సెట్టింగ్‌ని ‘లెగసీ’ అని పెడితే పాత పేరే వెతుకుతుంది, కానీ అది తాత్కాలికం. ప్రతి ఎంటిటీకీ సీక్వెన్స్ పేరు మనమే రాసిపెట్టుకుంటే ఈ గొడవే ఉండదు.

నన్ను ఎక్కువగా తిప్పలు పెట్టింది అలొకేషన్ సైజు, అంటే సీక్వెన్స్‌ని ఒక్కసారి అడిగి హైబర్నేట్ ఎన్ని ఐడీలు తీసుకుంటుందో ఆ సంఖ్య. డిఫాల్ట్ 50. పోస్ట్‌గ్రెస్‌లో బిగ్‌సీరియల్ (సీక్వెన్స్‌ను తనే తయారుచేసే కాలమ్ టైప్)తో చేసిన టేబుల్ సీక్వెన్స్ మాత్రం ఒక్కొక్కటిగా పెరుగుతుంది. సీక్వెన్స్ 1000 ఇచ్చిందనుకోండి. హైబర్నేట్ దాన్ని 50 నంబర్ల కట్టలో చివరిదిగా లెక్కేసి, 951 నుంచి పంచడం మొదలుపెడుతుంది. ఆ ఐడీలు టేబుల్లో ఎప్పుడో వాడేసినవి, కాబట్టి డూప్లికేట్ కీ. సీక్వెన్స్ ఇంకా చిన్న నంబర్లలో ఉంటే మరీ విచిత్రం: 2 వస్తే మొదటి రోకి -47 పడుతుంది. టేబుల్లో నెగటివ్ ఐడీలు కనిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే. ఇప్పటి వెర్షన్లు స్టార్టప్‌లోనే రెండు సైజులూ పోల్చి, తేడా ఉంటే ఆపేస్తాయి. ఆ ఎర్రర్ చూసి టెన్షన్ పడి చెకింగ్‌నే ఆఫ్ చేసేవాళ్లను చూశాను. అలా చేస్తే పైన చెప్పిన డూప్లికేట్లే మళ్లీ వస్తాయి. మైగ్రేషన్ (డేటాబేస్ నిర్మాణాన్ని మార్చే స్క్రిప్ట్)లో సీక్వెన్స్ ఇంక్రిమెంట్‌ను 50 చేయండి, లేదా ఎంటిటీలో అలొకేషన్ సైజు 1 అని రాయండి.

ఐడీ వేసే పని డేటాబేస్ కాలమ్‌కే వదిలేసే ఐడెంటిటీ స్ట్రాటజీకి ఈ తలనొప్పులేవీ లేవు. చిన్న అప్లికేషన్‌కి హాయిగా సరిపోతుంది. అయితే రో ఇన్సర్ట్ అయ్యాక గానీ ఐడీ తెలియదు కాబట్టి, ఇన్సర్టుల బ్యాచింగ్‌ను (చాలా ఇన్సర్టులను కట్టగా ఒకేసారి పంపడాన్ని) హైబర్నేట్ పూర్తిగా ఆపేస్తుంది. బ్యాచ్ సైజు సెట్టింగ్ పెట్టినా ఫలితం ఉండదు, ఎందుకని చెప్పే వార్నింగ్ కూడా రాదు. వేల రోలు ఒకేసారి లోడ్ చేసే పని ఉంటే సీక్వెన్సే దిక్కు.

హైబర్నేట్ తప్పేమీ లేకుండా దాని మీద నింద పడే సందర్భం ఒకటుంది. పాత డేటాను ఐడీలతో సహా స్క్రిప్ట్‌తో పోస్ట్‌గ్రెస్‌లోకి ఎక్కిస్తారు. సీక్వెన్స్‌కి ఆ సంగతి తెలియదు, 1 దగ్గరే కూర్చుని ఉంటుంది. యూజర్ సేవ్ నొక్కితే ఎర్రర్, మళ్లీ నొక్కితే మళ్లీ ఎర్రర్. ఫెయిలైన ప్రతి ఇన్సర్ట్‌కీ ఒక నంబరు ఖర్చవుతుంది కాబట్టి, ఎక్కించిన రోలు కొన్నే అయితే కాసేపటికి సమస్య దానంతటదే మాయమవుతుంది. ‘ఏమీ చేయకుండానే సరైపోయింది’ అని టికెట్ మూసేస్తారు, పక్క టేబుల్లో అదే మళ్లీ మొదలవుతుంది. ఇంపోర్ట్ స్క్రిప్ట్ చివర్లోనే ‘సెట్‌వాల్’ అనే పోస్ట్‌గ్రెస్ ఫంక్షన్‌తో సీక్వెన్స్‌ను మాక్సిమమ్ ఐడీకి జరిపేయాలి.

ఇక నంబర్ల మధ్య ఖాళీలు. ట్రాన్సాక్షన్ రోల్‌బ్యాక్ (రద్దు) అయినా సీక్వెన్స్ వెనక్కి రాదు, సర్వర్ రీస్టార్ట్ అయితే చేతిలో ఉన్న కట్టలో మిగిలినవీ పోతాయి. ఇది బగ్ కాదు, రిపేరు చేయబోకండి. బిల్లు నంబర్లలాగా వరస తప్పకూడనివి ఉంటే వాటికి వేరే కాలమ్, వేరే లెక్క పెట్టుకోవాల్సిందే.