చౌక ఫెల్ట్ టోపీలు, అనంతపురం ఎండ: ఏండ్ల తరబడి వాడినాక నా రివ్యూ

అనంతపురంలో ఉన్ని టోపీ ఏంది సామీ అని అడిగేవాళ్ళు శానామంది ఉన్నారు, మా ఇంట్లోనే ఉన్నారు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఊర్లో ఫెల్ట్ టోపీలు (నెయ్యకుండా పోగుల్ని చిక్కు పెట్టి చేసే మందపాటి గుడ్డతో, చుట్టూ అంచు ఉండేవి) పోగు చేసేవాన్ని చూస్తే ఎవురికైనా అనుమానం వస్తాది, తప్పేం లేదు. కానీ డిసెంబరు, జనవరిలో తెల్లారుజామున వాకింగ్‌కి పోయేవాళ్ళకి తెలుస్తాది ఈడ చలి ఎట్ల కొరుకుతాదో, ఆ టైంలో మంకీ క్యాప్ కంటే ఇది వెయ్యి రెట్లు నయం అని నా వాదన. అట్ల మొదలై '99' అని బోర్డు పెట్టే చౌక అంగళ్ళలో, సంక్రాంతి అయినాక పెట్టే క్లియరెన్స్ సేల్‌లో, ఎండాకాలం ఎగ్జిబిషన్‌లో, బెంగళూరు పోయినప్పుడు చిక్‌పేట దిక్కు ఆదివారం ఫుట్‌పాత్ మీద, యాడ కనపడితే ఆడ కొంటా వచ్చినా. రేటు 150 నుంచి 500 లోపల, దాని పైన ఒక్క రూపాయి కూడా పెట్టను, అది నాకు నేను పెట్టుకున్న కట్టుబాటు. ఇప్పుడు బీరువా మీద జాగా లేదు, మా ఇంటామె సూట్‌కేసులు దించి మంచం కిందికి తోసింది.

ఇన్నేండ్లు వాడినాక నాకు తేలింది ఇది: చీప్ టోపీని చంపేది ఎక్కువసార్లు లోపల నుదురుకి ఆనుకునే పట్టీ. పైన ఫెల్ట్ బాగానే ఉంటాది, పట్టీ కుళ్ళి టోపీ మూలకి పోతాది. అంగట్లో జనం రంగు చూస్తారు, రిబ్బన్ చూస్తారు, ఫోన్ కెమెరాలో మొగం చూసుకుంటారు, తిరగేసి లోపల చూసేవాడు మాత్రం నాకు ఇంతవరకు కనపడలేదు. నేను చేతికి రాంగానే తిరగేస్తా, సేల్స్ పిల్లోడు 'అన్నా అది అట్ల కాదు పెట్టుకునేది' అని నవ్వినా సరే.

ముందు సరుకు సంగతి. ఈ రేట్లో దొరికేవి రెండే రకాలు, పాలిస్టర్ ఫెల్ట్, ఉన్ని ఫెల్ట్. కుందేలు బొచ్చుతో, బీవర్ అనే నీళ్ళలో తిరిగే జంతువు బొచ్చుతో చేసేవి వేరే లోకం, 1857లో ఇటలీలో మొదలైన బోర్సాలినో, 1865లో అమెరికాలో పెట్టిన స్టెట్సన్ లాంటి కంపెనీలవి, వాటి రేటుకి ఈడ మంచి ఫోన్ వస్తాది, వాటి గురించి నేను మాట్లాడేది లేదు. ఉన్నిదానికీ పాలిస్టర్‌దానికీ తేడా యాడ అంటే, గొర్రె బొచ్చు పోగు మీద కంటికి ఆనని సన్న పొలుసులు ఉంటాయి, వేడి, తడి తగిలిచ్చి బాగా నలిపితే ఆ పొలుసులు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని మళ్ళా విడిపోవు, నెయ్యకుండానే గుడ్డ అయిపోతాది. ఉన్ని స్వెటర్‌ని వేన్నీళ్ళతో మెషిన్లో వేస్తే చంటిపిల్లోని సైజుకి వస్తాది చూడండి, అదే పని. పాలిస్టర్‌కి పొలుసులు లేవు కాబట్టి దాన్ని ముళ్ళున్న సూదులతో గుచ్చి గుచ్చి కలుపుతారు. కొత్తలో రెండూ ఒకే మాదిరి ఉంటాయి. ఒక చలికాలం పోయినాక పాలిస్టర్‌ది అంచుల కాడ ఉండలు కడతాది, రాసుకున్న చోటంతా నూగు లేస్తాది, ఇంక దానికి మందు లేదు. లేబుల్ ఉంటే సరే, చదువుకోవచ్చు, శానా వాటికి లేబుల్ ఉండదు, ఉన్నా నమ్మలేం. ఇంటికి తెచ్చినాక పట్టీ మడత లోపల్నుంచి నాలుగు పోగులు పీకి అగ్గిపుల్లతో కాల్చి చూడండి. వెంట్రుకలు కాలిన వాసన వచ్చి వేళ్ళతో నలిపితే బూడిద అయితే ఉన్ని. కరిగి గట్టి నల్ల పూస అయితే పాలిస్టర్. అంగట్లో మాత్రం చెయ్యొద్దు, బైటికి తోస్తారు.

కాల్చకుండానే చెప్పే మనిషిని ఒకాయన్ని చూసినా. కళ్యాణదుర్గం దారిలో బండి ఆపి టీ తాగుతాంటే గొర్లు తోలుకుపోతా ఒక పెద్దాయన నిలబడినాడు, భుజం మీద నల్ల కంబళి, చూపంతా నా టోపీ మీదనే. 'ఏమప్పా, ఒక్కతూరి ఇట్లియ్యి' అని చేతికి తీసుకున్యాడు. తలకి పెట్టుకుంటాడేమో అనుకున్యా, పెట్టుకోలేదు. అంచుని రెండు వేళ్ళ మధ్య పెట్టి మెల్లగా నలిపినాడు, బొటనవేలు తడి చేసుకుని ఒకే చోట రుద్దినాడు, ముక్కు కాడ పెట్టుకున్యాడు. 'గొర్రె బొచ్చే. మన గొర్రెది మాత్రం కాదు, మనది ఇంత మెత్తగా యాడొస్తాది' అన్న్యాడు. కరెక్టే, టోపీలకి ఎక్కువగా పోయేది మెరినో లాంటి జాతి గొర్రెల మెత్త ఉన్ని, మన దక్కన్ గొర్లది బిరుసు బొచ్చు. 'మరి ఇంత బిర్రుగా ఎట్ల నిలబడింది, చింతగింజల గంజి పెట్న్యారా' అని అడిగినాడు, వాళ్ళు కంబళికి పట్టించేది అదే కదా. కాదు తాతా, ఏదో జిగురు లాంటిది పెడతారంట అంటే 'అట్లయితే వానకి నిలబడదులే' అని నా చేతిలో పెట్టి గొర్ల ఎనక పోయినాడు.

ఆయన చెప్పినట్లే అయింది. మన జిల్లాలో వాన పడేదే తక్కువ, పడితే సెప్టెంబర్‌లో దంచుతాది, ఒక సాయంత్రం సప్తగిరి సర్కిల్ కాడ దొరికిపోయినా. బండి పక్కకి పెట్టేలోపల అంచు మెత్తబడి ముందర కండ్ల మీదికి, ఎనక మెడ మీదికి వాలిపోయింది. చీప్ ఉన్ని టోపీల్లో పెట్టే ఆ గట్టి మందు నీళ్ళకి కరుగుతాది, ఖరీదైన వాటికి పాతకాలం నుంచి లక్క వాడతారు, అది నీళ్ళకి లొంగదు. తడిసిన టోపీని ఎండలో పెట్టకండి, హెయిర్ డ్రయ్యర్ దాని దగ్గరికే తేవొద్దు, తడి మీద వేడి తగిలితే ఉన్ని ఇంకా ముడుచుకుంటాది, టోపీ మీ తలకి పట్టదు. లోపలి పట్టీని బైటికి మడిచి, నీడలో, ఫ్యాన్ గాలికి పెట్టి ఒకటిన్నర రోజు మర్చిపోండి. ఆరినాక గిన్నెలో నీళ్ళు మరగబెట్టి ఆ ఆవిరి మీద అంచు పట్టుకుని మెత్తబడినప్పుడు చేత్తో షేప్ చేసుకుంటే చల్లారినాక అట్లే నిలబడతాది. మరీ జారిపోయినదానికి వడ్రంగులు వాడే లక్క పాలిష్ స్పిరిట్‌లో బాగా పల్చగా కలిపి అంచు కింది వైపు మాత్రం స్ప్రే కొట్టుకోవచ్చు. నల్లదానికి, కాఫీ రంగుదానికి ఇది బాగా పనిచేసింది, లేత బూడిద రంగుదానికి పసుపు చార పడింది, చెప్తాండా.

ఇంక పట్టీ. 300 రూపాయల టోపీలో పట్టీ అంటే సన్న పాలిస్టర్ గుడ్డ, లేదా రెక్సిన్, దాని లోపల సైజు బిగించుకునే ఒక తాడు లేదా వెల్క్రో ముక్క. ఫ్రీ సైజ్ అంటారు, నిజానికి అది 58 సెంటీమీటర్లు, నా తల కొంచెం చిన్నది. రెక్సిన్‌ది చెమటకి పగిలి పొట్టు పొట్టుగా నుదురుకి అంటుకుంటాది. పాలిస్టర్ గుడ్డ చెమట పీల్చదు, ఆ చెమటంతా పైకి ఎక్కి ఫెల్ట్ లోకి పోతాది, ఎండినాక బైట రిబ్బన్ పైన తెల్లగా ఉప్పు చార. దీనికి తోడు మనం తలకి కొబ్బరినూనె పెడతాం కదా, ఈ టోపీలు చేసినోళ్ళు మన తలలు చూసి చెయ్యలేదు. నూనె ఉన్నిలోకి ఎక్కిందంటే దానికి దుమ్ము, దుమ్ముకి చెమట, నెల తిరిగేలోపల ముందర పట్టుకునే చోట జిడ్డు మరక. పడిన రోజే అయితే టాల్కం పౌడర్ చల్లి రాత్రంతా వదిలేసి తెల్లారి బ్రష్ కొడితే శానా వరకు పోతాది. పాత మరక పోదు.

నేను కనుక్కున్న మార్గం ఏందంటే, ఫెల్ట్ మంచిదైతే పట్టీ మార్పించేది. పాతూరులో చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకుపోతే మొదట్లో 'ఇది నా పని కాదు సార్, టైలర్ కాడికి పో' అన్న్యాడు, టైలర్ ఏమో మిషన్ సూది విరుగుతాది అన్న్యాడు. మళ్ళా ఈయన దగ్గరికే వచ్చి కూర్చుంటే చేసినాడు. బైట రిబ్బన్ కుట్లు మెల్లగా విప్పి పైకి జరిపినాడు, పాత పట్టీ కోసి తీసేసినాడు, మెత్తటి మేకతోలు ఒకటింబావు ఇంచు వెడల్పున పట్టీ కోసి, నా తల కొలత దారంతో చూసుకుని, లోపల పొడుగు కుట్టు, బైట గింజంత కుట్టు పడేటట్లు చుట్టూ కుట్టినాడు. మళ్ళా రిబ్బన్ కిందికి దించితే ఆ కుట్లు కనపడవు. తోలుతో కలిపి 150 తీసుకున్యాడు. ఆ టోపీ కొన్నది 199కి. ఇప్పటికీ నా దగ్గర ఉన్నవాటిలో రోజూ పెట్టుకోగలిగేది అదే, తోలు నుదురుకి అలవాటు పడి ఇంకా బాగా కూర్చుంది. తోలు ఖర్చు వద్దు అనుకుంటే పాత నూలు పంచె చించి నాలుగు మడతలు వేసి లోపల టాకాలు వేసుకోండి, వారానికొకసారి విప్పి ఉతుక్కోవచ్చు, మా అమ్మ ఐడియా ఇది.

అంచు గురించి రెండు మాటలు. డిస్కౌంట్ అంగళ్ళలో దొరికేవి ముప్పావు వంతు ట్రిల్బీ అనే పొట్టి అంచు రకమే, ఒకటిన్నర ఇంచు కూడా ఉండదు, పైన మాత్రం ఫెడోరా అని, అంటే వెడల్పు అంచు రకం అని స్టిక్కర్ ఉంటాది. పొట్టి అంచుకి సరుకు తక్కువ పడతాది, అంతే. మొగం మీద నీడ రావాలంటే రెండున్నర ఇంచులు కావాలి. అయితే వెడల్పు అంచుదాంతో ఆషాఢం గాలికి బైటికి పోకండి, రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. బండి మీద ఎట్లాగూ హెల్మెట్ ఉంటాది, టోపీని ట్యాంక్ కవర్‌లో కుక్కితే పైన రెండు వేళ్ళతో చిటికె పట్టే మడత చీలుతాది, ఉన్నిది ఆడే ముందు చీలేది. అందుకే పట్టుకునేటప్పుడు కూడా ఆ మడత పట్టుకుని తీయొద్దు, అంచు పట్టుకుని తీయండి. మేకుకి తగిలిచ్చినా నెత్తిన కొమ్ము లేస్తాది. తలకిందులు పెట్టండి, లేదంటే అంచు ఒంగుతాది.

పురుగు సంగతి మర్చిపోతి. పాలిస్టర్ టోపీకి ఉన్న ఒకే ఒక మంచి గుణం పురుగు ముట్టకపోయేది. ఉన్నిదాన్ని ఎండాకాలం అంతా కదిలించకుండా పెడితే సూది బెజ్జాల మాదిరి కొరికేస్తాది. ఎత్తి పెట్టేముందు బ్రష్ కొట్టి, ఒకరోజు గాలికి పెట్టి, కలరా ఉండలు గుడ్డలో కట్టి డబ్బాలో పెట్టండి. వేపాకు కూడా పెట్టి చూసినా, వాసన బాగుంది, పురుగుకి లెక్కలేదు.

టోపీలు చేసేటోళ్ళకి పాదరసంతో పిచ్చెక్కేదంట అని ఎవురో పంపిస్తే ఇంట్లో ఒక రోజు గొడవ అయింది, ఇవన్నీ పారెయ్ అని. ఆ పాదరసం వాడింది కుందేలు లాంటి జంతువుల బొచ్చు బాగా చిక్కుకోవాలని, ఉన్నికి దాని అవసరమే లేదు, అమెరికాలో అయితే 1941లోనే ఆపించేసినారు. వయసైన పక్కింటాయన మాత్రం నన్ను చూసినప్పుడల్లా కృష్ణ కౌబాయ్ మాదిరి ఉన్నావబ్బీ అంటాడు, అది పొగడ్తో ఎగతాళో ఇంకా తేలలేదు.

మార్కులు వెయ్యమంటే, పట్టీ మార్పించిన ఉన్ని టోపీకి పదికి ఏడున్నర, కొన్నది కొన్నట్లు వాడితే అయిదు, పాలిస్టర్‌దానికి రెండు, అది కూడా పిల్లోళ్ళ స్కూల్ డ్రామాకి పనికొస్తాదని. ఎండకి అడ్డం అని మాత్రం కొనొద్దు, మార్చి దాటితే తలకి ఆవిరి పట్టినట్లే, దానికి నూలు టోపీయో తువ్వాలో చాలు. కొనేవాళ్ళు సంక్రాంతి అయిన వారం రెండు వారాలకి పోండి, చలికాలం స్టాక్ అప్పుడు సగానికి దించుతారు, డబ్బా అడుగున వెతకండి, పైన ఉన్నవి అందరూ నలిపేసినవి. రంగు ముదురుదే తీసుకోండి, మన ఊరి ఎర్రదుమ్ముకి క్రీమ్ కలర్ టోపీ ఒక్క రోజు కూడా ఆగదు.