గాజు గొట్టాల సోలార్ గీజరు: కోతులున్న ఊళ్లో ఏడేళ్లు

హన్మకొండలో మా డాబా మీద 200 లీటర్ల సోలార్ గీజరు పెట్టించి ఏడేళ్లయింది. కరెంటు ఎంత మిగులుతుందో, ఏ దిక్కుకు పెట్టాలో అమ్మేవాళ్లే చెబుతారు. వాళ్లు చెప్పనిది కోతుల సంగతి.

మొన్న మార్చిలో ఒకరోజు పొద్దున కుళాయి తిప్పితే గాలి తప్ప ఏమీ రాలేదు. పైకెళ్లి చూస్తే ఇరవై గొట్టాల్లో ఒకటి పగిలి ఉంది. గొట్టాలన్నీ ట్యాంకు కిందే ఉంటాయి కదా, ఒక్కటి పోతే చాలు, వేడినీళ్లన్నీ ఆ కంతలోంచి కారిపోతాయి. వాటి వెనకే గీజరుకు నీళ్లిచ్చే పై ట్యాంకు కూడా ఖాళీ. వెయ్యి లీటర్ల బోరు నీళ్లు తెల్లారేసరికి పక్కింటివాళ్ల వాకిలి కడిగేశాయి.

తెలివితక్కువ పని నేను ఆ తర్వాత చేశాను. కొత్త గొట్టం తెచ్చి ఎండలోనే పడుకోబెట్టి, మెకానిక్ కోసం చూస్తూ కూర్చున్నాను. ఆయన వచ్చేసరికి ఒంటిగంట. రబ్బరు రింగుకు సబ్బునీళ్లు రాసి, మెల్లగా తిప్పుతూ ఎక్కించాడు. వాల్వు తిప్పాడో లేదో, టప్పుమంది! ఖాళీ గొట్టం ఎండలో లోపల నిప్పులా కాగుతుంది. రెండు గాజు పొరల మధ్య గాలి ఉండదు కాబట్టి పైన చేయి పెడితే ఏమీ తెలియదు. దాంట్లోకి చన్నీళ్లు పోస్తే ఇంకేమవుతుంది? పొద్దున్నే చేయాల్సిన పని అది. ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

కొత్తలో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ గొట్టాలే కొనమన్నాను. ఇప్పుడైతే ముందు మీ వీధిలో కోతులున్నాయా అని అడుగుతాను. ముసురు పట్టినప్పుడు కరెంటు గీజరు వేయక తప్పదని కూడా అప్పట్లో చెప్పలేదు లెండి.

విజయవాడలో మా చెల్లెలింట్లో ఉన్నది ఫ్లాట్ ప్లేటు, అంటే గాజు గొట్టాలకు బదులు అద్దం కింద సన్నటి రాగి పైపులుండే రకం. దాని గట్టి అద్దం మీద కోతి కూర్చుని పేలు చూసుకున్నా ఏమీ కాదు. కానీ వాళ్లకు వచ్చేది కృష్ణ నీళ్లు. మా బోరు నీళ్లు కాస్తే గిన్నెకే తెల్లగా సున్నం కడుతుంది, ఇక ఆ సన్నటి రాగి పైపులు ఎన్నాళ్లు పూడకుండా ఉంటాయి? బోరు నీళ్లు ఆ పైపుల్లోకి వెళ్లకుండా, వాటిలో తిరిగే వేరే నీళ్ల వేడితోనే కాగేలా హీట్ ఎక్స్ఛేంజర్ ఉన్నది తీసుకోవచ్చు గానీ, ధర విని వెనక్కొచ్చాను.

అందుకే మళ్లీ గొట్టాలతోనే నడిపిస్తున్నాను, పైన ఇనుప జాలీ వేయించి. రెండు గొట్టాలు అదనంగా తెచ్చి, పాత దుప్పట్లో చుట్టి అటక మీద పెట్టాను. ఎండ తగలని చోట.