పీఎంపీకి సొంత ప్రిపరేషన్: ఏది పనికొచ్చింది, ఏది దండగ

ముందే చెప్పేస్తా. పీఎంపీకి, అంటే ప్రాజెక్ట్ మేనేజర్ల సర్టిఫికెట్ పరీక్షకు (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్), హైదరాబాద్ పోయి కోచింగ్‌లో కూర్చోవాల్సిన పని లేదు. నల్లగొండలోనో పాలమూరులోనో సైట్ డ్యూటీ చేసుకుంటూ, పొద్దున గంట, రాత్రి గంట చదివి కొట్టగలిగే పరీక్షే ఇది. అయితే పుస్తకాన్ని ముక్కున పట్టినవాళ్లే ఇందులో ఎక్కువగా దెబ్బ తింటున్నారు. మీకేం తెలుసని ఈ పరీక్ష అడగదు, ఇప్పుడు ఏం చేస్తారని అడుగుతుంది. సర్టిఫికెట్ వచ్చి, మూడేళ్ల రెన్యువల్ కూడా దాటాక వెనక్కి చూసుకుని రాస్తున్న సమీక్ష ఇది.

2021 జనవరిలో అమల్లోకి వచ్చిన ఔట్‌లైన్ (పరీక్షలో ఏమేం, ఎంతెంత వస్తాయో చెప్పే పత్రం) ప్రకారం 180 ప్రశ్నలు, 230 నిమిషాలు. వాటిలో 5 ప్రశ్నలు లెక్కలోకి రావు, అవి ఏవో మనకు చెప్పరు. పీపుల్ 42 శాతం, ప్రాసెస్ 50, బిజినెస్ ఎన్విరాన్‌మెంట్ 8. మొత్తంలో దాదాపు సగం అజైల్ (పనిని చిన్న ముక్కలుగా చేస్తూ, మార్పులు కలుపుకుంటూ పోవడం), హైబ్రిడ్ (దాన్ని ముందే ప్లాన్ వేసే పద్ధతితో కలపడం) పద్ధతుల మీదే ఉంటుంది. సివిల్, మెకానికల్ వాళ్లు ఈ చివరి మాటను తేలిగ్గా తీసుకుంటారు, అక్కడే మార్కులు పోతాయి. పరీక్ష పెట్టే పీఎంఐ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్) కొన్నేళ్లకోసారి ఔట్‌లైన్ మారుస్తుంది. కాబట్టి ఏదైనా కొనే ముందు వాళ్ల సైట్లో ఉచితంగా దొరికే తాజా పీడీఎఫ్ దించుకుని, కొనబోయే సరుకు దానికి సరిపోతుందో లేదో చూడండి. సెకండ్ హ్యాండ్‌లో సగం ధరకు వచ్చే పాత గైడ్లు చాలావరకు 2021కి ముందువి, వాటిలో అజైల్ నామమాత్రం.

అప్లికేషన్‌ను ఫారం నింపడమే కదా అనుకోవద్దు. నాలుగేళ్ల డిగ్రీ ఉంటే గత 8 ఏళ్లలో 36 నెలలు ప్రాజెక్టు నడిపిన అనుభవం చూపాలి, డిప్లొమా అయితే 60 నెలలు. దామరచర్ల థర్మల్ ప్లాంట్‌లో ఒక ప్యాకేజీ, అదే సమయంలో మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు షెడ్డు చూసుకుని ఉంటే ఆ నెలలు రెండుసార్లు లెక్కకు రావు. వివరణలో ఎంత కాంక్రీటు పోశారో ఎవరికీ అక్కర్లేదు. లక్ష్యం ఏమిటి, మీ పాత్ర ఏమిటి, షెడ్యూల్ ఎలా వేశారు, మార్పులు వస్తే ఏం చేశారు, చివరికి ఏం తేలింది, ఈ వరుసలో రాయండి. "సూపర్‌వైజ్ చేశాను" అని రాస్తే బలం లేదు, టీమ్‌ను నడిపింది మీరేనని తెలియాలి. ఆడిట్, అంటే రాసిందానికి రుజువులు అడగడం, ఎవరికైనా పడొచ్చు. పడితే మీరు రాసిన ప్రతి ప్రాజెక్టుకూ అప్పటి పై అధికారి ధ్రువీకరణ కావాలి, గడువు 90 రోజులు. లిఫ్ట్ ఇరిగేషన్ పనుల్లో మేనేజర్లు ఇవాళ నాగర్‌కర్నూల్‌లో ఉంటే రేపు ఒడిశాలో ఉంటారు. సబ్మిట్ కొట్టకముందే ఫోన్ చేసి "సార్, మీ పేరు పెడుతున్నా" అని చెప్పి ఉంచండి.

పేరు విషయంలో మన దగ్గర వచ్చే చిక్కు వేరే. ఇంటిపేరు ఒక కార్డులో ముందు, ఇంకోదాంట్లో వెనక, మరోదాంట్లో ఒట్టి ఇనీషియల్. పరీక్ష రోజు చూపే గుర్తింపు కార్డులో ఎలా ఉందో పీఎంఐ ఖాతాలో అచ్చం అలాగే ఉండాలి. ఫొటో, సంతకం రెండూ ఉండే పాస్‌పోర్టు అన్నిటికన్నా సేఫ్. దాని ప్రకారమే ఖాతా తెరవండి.

ఇక సరుకు సంగతి. తప్పనిసరి 35 గంటల శిక్షణకు చవకగా దొరికే రికార్డెడ్ కోర్సు చాలు, ఖరీదైన లైవ్ క్లాసుకు పెట్టే డబ్బు దండగ. కొనే ముందు ఒక్కటే చూసుకోండి: మీ పేరు, తేదీ, 35 గంటలు అని స్పష్టంగా ఉన్న సర్టిఫికెట్ వస్తుందా లేదా. పీఎంబాక్ అంటే పీఎంఐ వేసే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ గైడ్ పుస్తకం, దాని ఆరో ఎడిషన్ 2017ది. 49 ప్రాసెస్‌లు, 10 నాలెడ్జ్ ఏరియాలతో ఇంజినీర్లకు నచ్చే పద్ధతిలో ఉంటుంది. దాంట్లోని ఇన్‌పుట్లు, అవుట్‌పుట్లు బట్టీ పట్టడం మాత్రం ఉత్త దండగ. రిస్క్, ప్రొక్యూర్‌మెంట్ అధ్యాయాలు చదవండి చాలు. టెండర్లు, బిల్లులు తెలిసినవాళ్లకు ప్రొక్యూర్‌మెంట్ సులువే, నష్టం ఎవరి నెత్తిన పడుతుందో గుర్తుంటే సరి: ఫిక్స్‌డ్ ప్రైస్‌లో కాంట్రాక్టర్ మీద, కాస్ట్ ప్లస్‌లో పని ఇచ్చినవాడి మీద. 2021 నాటి ఏడో ఎడిషన్ 12 సూత్రాలు, 8 డొమైన్లతో ఒక్కసారి తిరగేసి పక్కన పెట్టే పుస్తకం. సన్నగా ఉండే అజైల్ ప్రాక్టీస్ గైడ్‌ను మాత్రం రెండుసార్లు చదవాలి. సైట్ మీద పెరిగినవాళ్లకు స్ప్రింట్ (కొద్ది వారాల పని విడత), బ్యాక్‌లాగ్ (చేయాల్సిన పనుల జాబితా), ప్రొడక్ట్ ఓనర్ (ఆ జాబితాకు వరుస పెట్టే మనిషి) అనే మాటలే కొత్త. పీఎంఐ సభ్యత్వం తీసుకుంటే పీఎంబాక్ పీడీఎఫ్ ఉచితం, పరీక్ష ఫీజులోనూ తగ్గింపు ఉంటుంది. రెండు రకాలుగా మొత్తం లెక్కేసుకుని తేల్చుకోండి.

ఒకే ఒక్కదాని మీద డబ్బు పెట్టమంటే స్టడీ హాల్ అనే ఆన్‌లైన్ ప్రాక్టీస్ ప్యాక్ అంటా. పీఎంఐదే కాబట్టి ప్రశ్నల తీరు అసలు పరీక్షకు దగ్గరగా ఉంటుంది. చిన్న ప్యాక్‌లో రెండు పూర్తి మాక్‌లు (నమూనా పరీక్షలు) వస్తాయి, అవి చాలు. అందులో ఎక్స్‌పర్ట్ అని ముద్ర పడిన ప్రశ్నలు మరీ మెలికవి, వాటిని చూసి బెంగపడొద్దు. అవి తీసేసి 70 శాతం దగ్గర్లో ఉంటే డేట్ బుక్ చేసుకోవచ్చని నా లెక్క.

అయితే మాక్‌లు రాసుకుంటూ పోతే లాభం లేదు. ఒక నోట్‌బుక్‌లో నాలుగు గడులు గీయండి: ప్రశ్న సారాంశం ఒక లైన్లో, మీరు పెట్టింది, సరైనది, ఎందుకు అటు పోయారు. నాలుగో గడే ప్రాణం. యాభై తప్పులు నిండేసరికి మీ జబ్బు ఏమిటో కనబడుతుంది. మన సైట్ మనుషులకు సాధారణంగా రెండే జబ్బులు: ఆలోచించకుండా పని మొదలుపెట్టడం, లేదా వెంటనే పై సారుకు చెప్పేయడం.

ఒక ప్రశ్న చూద్దాం. మంచినీళ్ల పైపులైను పని షెడ్యూల్ ప్రకారం నడుస్తోంది. సర్పంచ్ వచ్చి లైను దారి మార్చమన్నాడు. ప్రాజెక్ట్ మేనేజర్ మొదట ఏం చేయాలి? కుదరదనడం, మార్చేయడం, స్పాన్సర్‌కు (ప్రాజెక్టుకు డబ్బు పెట్టేవాడికి) చెప్పడం, ప్రభావం అంచనా వేయడం, ఇవీ ఆప్షన్లు. నిజంగా సైట్‌లో అయితే ఏఈ గారికి ఫోన్ పోతుంది. పరీక్షలో జవాబు నాలుగోది. టీమ్‌తో కలిసి ఖర్చు, టైమ్ మీద ఎంత పడుతుందో చూసి, చేంజ్ రిక్వెస్ట్ పెట్టి, కంట్రోల్ బోర్డు (మార్పులు తేల్చే కమిటీ) ఒప్పుకుంటే ప్లాన్, బేస్‌లైన్ (ముందు ఖాయం చేసిన లెక్క) సవరించి, సంబంధించినవాళ్లకు తెలిపి, అప్పుడు పనిలో దిగాలి. అదే సర్పంచ్, అదే కోరిక, కానీ ప్రశ్నలో స్ప్రింట్ అన్న మాట ఉంటే బోర్డు లేదు గీర్డు లేదు. ప్రొడక్ట్ ఓనర్‌తో మాట్లాడి బ్యాక్‌లాగ్‌లో పెట్టించాలి, ఎప్పుడు చేయాలో ఆయన వరుస పెడతాడు. అందుకే ప్రశ్నలో చివరి వాక్యం ముందు చదివి, తర్వాత పద్ధతి ఏదో పట్టుకుని, అప్పుడే ఆప్షన్లలోకి దిగాలి. పరీక్ష తెలుగులో లేదు, ఇంగ్లిష్ పేరాలు పొడుగ్గా ఉంటాయి. ఈ అలవాటు టైమ్‌ను కూడా కాపాడుతుంది.

లెక్కలు తక్కువే వస్తాయి కానీ వచ్చినవి వదులుకోవద్దు. పది నెలల్లో 10 కిలోమీటర్ల లైను, బడ్జెట్ 40 లక్షలు అనుకోండి. అయిదు నెలలకు 4 కిలోమీటర్లే అయింది, ఖర్చు 20 లక్షలు. ప్లాన్డ్ వాల్యూ (ఈపాటికి అవ్వాల్సిన పని విలువ) 20, ఎర్న్‌డ్ వాల్యూ (నిజంగా అయిన పని విలువ) 16, అసలు ఖర్చు 20. సీపీఐ (ఖర్చు సూచిక, 16ని ఖర్చు 20తో భాగిస్తే) 0.8, ఎస్‌పీఐ (షెడ్యూల్ సూచిక, 16ని ప్లాన్ 20తో భాగిస్తే) 0.8. ఖర్చు ఇదే తీరున పోతే 40ని 0.8తో భాగించాలి, మొత్తం 50 లక్షలవుతుంది. ఒకటికి తక్కువ వస్తే సీపీఐలో ఖర్చు మించినట్టు, ఎస్‌పీఐలో పని వెనకబడినట్టు. సూత్రం కన్నా ఈ అర్థమే ఎక్కువగా అడుగుతారు.

ఇంటి నుంచి ఆన్‌లైన్లో రాయడం జిల్లాల్లో నేను సిఫారసు చేయను. గాలిదుమారం వస్తే కరెంటు పోతుంది, గదిలోకి ఇంకో మనిషి తొంగిచూసినా, ప్రశ్న పైకి చదివినా ఇబ్బందే, కాగితం పెన్ను వాడనివ్వరు. హైదరాబాద్ సెంటర్‌లో స్లాట్ తీసుకోండి. నల్లగొండ నుంచి ఎల్బీనగర్, పాలమూరు నుంచి ఆరాంఘర్ మీదుగా దాదాపు వంద కిలోమీటర్లు. పొద్దున స్లాట్ అయితే ముందు రోజే చేరడం మంచిది.

2021 ఔట్‌లైన్ ప్రకారం పరీక్ష 60 ప్రశ్నల చొప్పున మూడు భాగాలు, మధ్యలో రెండుసార్లు పది నిమిషాల విరామం. విరామం టైమ్ 230లోంచి పోదు. ఒకసారి విరామానికి వెళ్లాక వెనక ప్రశ్నలకు తిరిగి రాలేరు. మొదటి విరామానికి గడియారంలో 154 నిమిషాలు, రెండో విరామానికి 77 నిమిషాలు మిగిలి ఉంటే దారిలో ఉన్నట్టే. పాస్ మార్కు ఎంతో పీఎంఐ చెప్పదు. తప్పినా, అప్లికేషన్ ఒప్పుకున్నాక వచ్చే ఏడాది గడువులో మొత్తం మూడుసార్లు రాయొచ్చు, ప్రతిసారీ ఫీజు మాత్రం కట్టాలి.

పాసయ్యాక చాలామంది మరిచిపోయేది పీడీయూలు, అంటే సర్టిఫికెట్ నిలబెట్టుకోవడానికి కూడబెట్టాల్సిన పాయింట్లు. మూడేళ్లలో 60 కావాలి, అందులో కనీసం 35 చదువు కింద రావాలి. ఉద్యోగం చేస్తున్నందుకు గరిష్ఠంగా 8 వేసుకోవచ్చు. ఉచిత వెబినార్లతోనే మిగతావి నింపొచ్చు, నెలకు రెండు చూసినా సరిపోతుంది. చివరి ఏడాదిలో మిగిలినవి 20 వరకు తర్వాతి మూడేళ్లకు వెళ్తాయి. గడువు దాటితే ఏడాది సస్పెన్షన్, ఆలోపు కూడా నింపకపోతే సర్టిఫికెట్ పోతుంది, మళ్లీ 180 ప్రశ్నలూ రాయాల్సిందే.