ఐ7 అన్నారు, 4కే అన్నారు: హాల్లో టీవీకి కంప్యూటర్ కొనబోయేవాళ్లు జాగ్రత్త

టీవీకి తగిలించుకోవడానికి ఒక కంప్యూటర్ కొందామని చూస్తున్నారా? రెడీమేడ్ మినీ పీసీ తీసుకోవాలా, షాపులో అసెంబుల్ చేయించుకోవాలా అని ఊగిసలాడుతున్నారా? అయితే అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదవండి. నేను 27,500 రూపాయలు పెట్టి కొన్నాను. అందులో 11,500 నీళ్లపాలైంది. షాపు పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇదే సరుకుని ఇవే మాటలతో ఇంకా చాలామంది అమ్ముతున్నారు. పేరు చూసి తప్పించుకోవడం కంటే సరుకు చూసి గుర్తుపట్టడం మేలు.

మాఘమాసంలో మా మరిది పెళ్లయింది. ఫొటోగ్రాఫర్ పెళ్లంతా 4కేలో తీసి హార్డ్ డిస్కులో వేసిచ్చాడు. మా హాల్లో 55 అంగుళాల టీవీ ఉంది. డిస్కు తెచ్చి దానికే పెడితే కొన్ని ఫైళ్లకు బొమ్మ వస్తుంది, మాట రాదు. కొన్ని అసలు తెరుచుకోవు. దానికి తోడు మామయ్యగారి దగ్గర హరికథలు, నాటకాలు, పాత సినిమాలు రెండు డిస్కుల నిండా ఉన్నాయి. రిమోట్ నొక్కితే అన్నీ పోస్టర్లతో సహా వరసగా కనిపించాలని ఆయన కోరిక. కోడి (Kodi) అనే సాఫ్ట్‌వేర్ లాంటిది వేసుకుంటే ఆ పని చక్కగా జరుగుతుంది. దానికోసం టీవీ వెనకాల ఒక చిన్న కంప్యూటర్ ఉండాలి.

ఆన్‌లైన్‌లో అరచేతంత మినీ పీసీలు చూశాను, ఇరవై వేల లోపే ఉన్నాయి. ఇంటికి దగ్గర్లో ఉన్న షాపుకి వెళ్లి అడిగితే ఆయన నవ్వేశాడు. "రెడీమేడ్ అంటే ఏముంటుంది మేడమ్, చెడిపోతే పారేయడమే. మీకు కస్టమ్ బిల్డ్ చేసిస్తాను. కోర్ ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 ఎస్‌ఎస్‌డీ, పైన 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు. ఆ డబ్బాలో ఇవన్నీ వస్తాయా?" అన్నాడు. ఐ7 అనేసరికి నేను పడిపోయాను. మా ఆఫీసు ల్యాప్‌టాపే ఐ5. టీవీ కంప్యూటర్‌కి ఐ7 అంటే ఇంకేం కావాలి అనుకున్నాను.

బిల్లు దగ్గర ఇంకో తప్పు చేశాను. "జీఎస్టీ బిల్లు కావాలంటే 18 శాతం ఎక్కువ పడుతుంది మేడమ్, వారంటీ మాది కదా" అన్నాడు. సరేనని ఎస్టిమేట్ కాగితం మీద ఒక్క లైను రాయించుకుని వచ్చాను: "కంప్యూటర్ సెట్, 1." ఏ ప్రాసెసరో, ఏ బోర్డో, ఏ సీరియల్ నంబరో, ఏమీ లేవు. కూరగాయలు కొన్నా ఇంతకంటే వివరంగా లెక్క చూసుకుంటాను.

పెట్టె ఇంటికొచ్చింది. ముందు అద్దం, లోపల రంగురంగుల లైట్లు. మామయ్యగారు "దీపావళి ముందే వచ్చిందేంటమ్మా" అన్నారు. మొదటిరోజే మౌస్ బాణం గుర్తు టీవీ మీద ఈడ్చుకుంటూ కదిలినట్టు అనిపించింది. పెద్ద తెర కదా, అలాగే ఉంటుందేమో అనుకుని వదిలేశాను. అసలు సంగతి అక్కడే ఉంది, నాకు తెలియలేదు.

ఆ ఆదివారం మరిది అత్తవారింటి నుంచి అందరూ భోజనానికి వచ్చారు. తిన్నాక పెళ్లి వీడియో పెట్టమన్నారు. జీలకర్ర బెల్లం దాకా ఎలాగో నడిచింది. తలంబ్రాల దగ్గర బొమ్మ ఆగిపోయింది. పెళ్లికూతురు చేతులు పైకెత్తి అలాగే ఉంది, తలంబ్రాలు గాల్లో ఉన్నాయి, వెనక మేళం మాత్రం వినిపిస్తూనే ఉంది. తర్వాత బొమ్మ ఒక్కసారిగా ముందుకు దూకింది. చూస్తే పళ్లెం ఖాళీ. "అయ్యో, మా అమ్మాయి పోసినవి కనిపించనే లేదే" అంది వాళ్లమ్మ. అందరూ నవ్వారు గానీ నా మొహం మాడిపోయింది. ఈలోగా పెట్టెలో ఫ్యాన్ మిక్సీలా మోగుతోంది. మాటలు వినపడక టీవీ సౌండ్ పెంచాల్సి వచ్చింది.

షాపాయనకి ఫోన్ చేస్తే మొదట ఫైలు తప్పన్నాడు, ఫొటోగ్రాఫర్‌ని అడగమన్నాడు. తర్వాత టీవీ తప్పన్నాడు. ఆ తర్వాత కేబుల్ మార్చమన్నాడు. తొమ్మిది వందలు పెట్టి కేబుల్ కూడా కొన్నాను. ఏమీ మారలేదు.

చివరికి బెంగళూరులో ఉన్న మా తమ్ముడికి వీడియో కాల్ చేశాను. "అక్కా, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కు. పర్‌ఫార్మెన్స్ అని ఉంటుంది, అందులో సీపీయూ, అంటే ప్రాసెసర్, దాని మీద నొక్కి పేరు చదువు" అన్నాడు. చదివాను: కోర్ ఐ7-3770. అటు నుంచి కాసేపు మాట లేదు. "అక్కా, అది 2012లో వచ్చింది. ఐ7 అన్నది నిజమే, కానీ మూడో తరం" అన్నాడు.

ఈ ఒక్క ముక్క అందరూ గుర్తుపెట్టుకోండి. ఐ3, ఐ5, ఐ7 అనేవి ఇంటెల్ ప్రాసెసర్లకు ఇంటిపేర్లలాంటివి, వాటిని బట్టి వయసు తెలియదు. వెనకున్న నంబరు చూడాలి. నాలుగు అంకెలుండి మొదటిది 1 కాకపోతే, ఆ మొదటి అంకే తరం: 3770 అంటే మూడో తరం, 6500 అంటే ఆరో తరం. ఐదు అంకెలున్నా, నాలుగే ఉండి 1తో మొదలైనా మొదటి రెండు: 12100 అన్నా, 1235 అన్నా పన్నెండో తరం. ఇంటెల్ ఈమధ్య పేర్లు మార్చింది కానీ, మన బజార్లో తిరిగే పాత సరుకుకంతా ఈ లెక్క సరిపోతుంది.

టీవీ కంప్యూటర్‌కి తరం ఎందుకంత ముఖ్యమంటే, 4కే వీడియో నడపడానికి ప్రాసెసర్ బలం కంటే దానిలో, కుదించి దాచిన వీడియోని విప్పే ప్రత్యేక భాగం ఉందా లేదా అన్నదే ముఖ్యం. మినప్పప్పు రోట్లో రుబ్బొచ్చు, గ్రైండర్‌లోనూ వేయొచ్చు. రుబ్బేవాళ్లు ఎంత గట్టివాళ్లైనా రోలు రోలే. మా పెళ్లి వీడియో 10 బిట్ హెచ్‌ఈవీసీ అనే పద్ధతిలో ఉంది. దాన్ని పూర్తిగా విప్పే గ్రైండర్ ఇంటెల్ చిప్పుల్లో ఏడో తరం నుంచే ఉంది. యూట్యూబ్ ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న ఏవీ1 పద్ధతికైతే పదకొండో తరం నుంచి. నా ఐ7లో ఈ రెండూ లేవు, అందుకే సీపీయూ నూటికి నూరు శాతం పరుగెత్తి, వేడెక్కి, ఫ్యాన్ మోగించి, చివరికి తలంబ్రాలు గాల్లో వదిలేసింది.

మరి 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు సంగతి? అది జీటీ 730. 2014 నాటి కార్డు. దానికీ హెచ్‌ఈవీసీ విప్పడం రాదు. ఎన్ని జీబీలుంటే ఏం లాభం? పైగా దాని హెచ్‌డీఎంఐ (టీవీ కేబుల్ తగిలించే పోర్టు) పాత 1.4 రకం, అంటే 4కేలో సెకనుకు 30 ఫ్రేములే పంపగలదు. 60 కావాలంటే హెచ్‌డీఎంఐ 2.0 ఉండాలి. మొదటిరోజు మౌస్ బాణం ఈడ్చుకుంటూ కదిలింది ఇందుకే. నెట్‌ఫ్లిక్స్ ప్రీమియం ప్లాన్ కడుతున్నా 4కే రాలేదు. కంప్యూటర్‌లో దానికి ఎడ్జ్ బ్రౌజరో వాళ్ల యాప్పో వాడాలి, హెచ్‌డీసీపీ 2.2 అనే కాపీ రక్షణ ప్రాసెసర్ నుంచి టీవీ దాకా అన్నిట్లో ఉండాలి. ఈ పెట్టెతో అది జరిగే పని కాదు.

ఇంకా ఉంది. విండోస్ 11 వేసిచ్చాడు కదా అని మురిసిపోయాను. ఇంటెల్‌లో కొద్ది మినహాయింపులు తప్ప ఎనిమిదో తరం కంటే పాత ప్రాసెసర్లకు విండోస్ 11ని మైక్రోసాఫ్ట్ అధికారికంగా ఒప్పుకోదు. తనిఖీని దాటవేసి ఎక్కించాడన్నమాట. లైసెన్సు కూడా అంతే. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ చూస్తే "మీ సంస్థ యాక్టివేషన్ సర్వీసు ద్వారా" అన్న అర్థంతో ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంది. మా ఇంట్లో సంస్థ ఏముంది? మా అత్తగారేమైనా నడుపుతున్నారేమో అడగాలి.

పెట్టె తలుపు తీయించి చూస్తే అసలు కథ బయటపడింది. క్యాబినెట్ కొత్తది, లైట్లు కొత్తవి, కీబోర్డు కొత్తది. బోర్డు హెచ్61, ర్యామ్ డీడీఆర్3, రెండూ పాతకాలం రకాలే. మూలల్లో పాత దుమ్ము ఇంకా అంటుకునే ఉంది. ఏదో ఆఫీసు నుంచి కిలోల లెక్కన వచ్చిన సరుకుకి కొత్త బట్టలు తొడిగారు. దీన్నే నాకు కస్టమ్ బిల్డ్ అన్నారు. నాకోసం అందులో ఎంచి పెట్టింది ఏమైనా ఉందంటే ఆ లైట్ల రంగే.

కాబట్టి రెడీమేడ్ మంచిదా కస్టమ్ మంచిదా అని నన్నడిగితే, ఆ ప్రశ్న రెండోది అంటాను. మొదటి ప్రశ్న: లోపల ఏముందో మోడల్ నంబర్లతో సహా కాగితం మీద రాసిస్తారా? రాసివ్వను అన్నవాళ్ల దగ్గర ఏదీ కొనొద్దు.

తర్వాత సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులన్నీ ఉండే సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్) వెళ్లాను. మూడు నాలుగు షాపుల్లో కొటేషన్ అడిగితే అందరూ మోడల్ నంబర్లతో రాసిచ్చారు. అడిగితే ఇస్తారు, నేనే ముందు అడగలేదు. ఐ3-12100తో వేసిన లెక్క నాకు నచ్చింది. నా ఐ7 కంటే ఆ ఐ3 ఈ పనికి ఎన్నో రెట్లు నయం. అక్కడా ఒక మెలిక ఉంది. 12100ఎఫ్ అయితే కాస్త తగ్గుతుంది అంటారు. చివర ఎఫ్ ఉంటే ఆ ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉండదు. తగ్గిన డబ్బుకి మళ్లీ కార్డు కొనాలి, ఆ కార్డు మళ్లీ జీటీ 730 అవుతుంది! బోర్డు కూడా చూసుకోండి, కొత్త బోర్డుల్లోనూ చవకవాటిలో హెచ్‌డీఎంఐ 1.4 పెట్టినవి ఉన్నాయి. ట్రే ప్రాసెసర్ అంటే పెట్టె లేకుండా వచ్చేది. దానికి కంపెనీ వారంటీ నేరుగా రాదు, అమ్మినవాడే దిక్కు.

రెడీమేడ్ వాటిని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. ఆన్‌లైన్‌లో "ఐ5 మినీ పీసీ" అని పెద్ద అక్షరాలతో రాసి, తరాన్ని ఎక్కడో కింద దాచేవాళ్లున్నారు. ఆఫీసుల్లో వాడేసిన చిన్న బ్రాండెడ్ పెట్టెలు రీఫర్బిష్డ్ పేరుతో చవగ్గా దొరుకుతాయి. ఎక్సెల్ చేసుకోవడానికి బంగారంలాంటివి. కానీ ఆరో తరం అయితే 10 బిట్ హెచ్‌ఈవీసీ దగ్గర తంటాలే.

చివరికి నేను తీసుకున్నది ఎన్100 ప్రాసెసర్ ఉన్న మినీ పీసీ. పంతొమ్మిది వేల చిల్లర. ఎన్100 అనేది 2023లో వచ్చిన చిన్న చిప్పు, పేరులో ఐ లేదు, ఏడూ లేదు. ఇంటెల్ దానికి రాసిన కరెంటు లెక్క 6 వాట్లు, నా పాత ఐ7కి 77. ఏవీ1, 10 బిట్ హెచ్‌ఈవీసీ రెండూ విప్పుతుంది. గేములు ఆడేవాళ్లకూ, నాలుగైదు హార్డ్ డిస్కులు లోపలే పెట్టుకోవాలనుకునేవాళ్లకూ ఇది చాలదు, వాళ్లు అసెంబుల్ చేయించుకోవడమే సరైన పని. మాకు సినిమాలు, పెళ్లి వీడియో నడిస్తే చాలు.

డబ్బు కట్టేముందు షాపులోనే చేయాల్సిన పరీక్ష చెప్తాను. మీ సొంత 4కే వీడియో పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి, వాళ్ల డెమో వీడియో వద్దు. అది నడుస్తుండగా టాస్క్ మేనేజర్‌లో (మా తమ్ముడు చెప్పిన మూడు బటన్లు నొక్కితే వచ్చేది) జీపీయూ, అంటే గ్రాఫిక్స్ భాగం తెరిచి వీడియో డీకోడ్ అన్న గ్రాఫ్ చూడండి. అది కదులుతూ, సీపీయూ నిమ్మళంగా ఉంటే మంచిది. గ్రాఫ్ కదలకుండా సీపీయూ తొంభై దాటితే దణ్ణం పెట్టి వచ్చేయండి. యూట్యూబ్‌లో 4కే వీడియో పెట్టి, దానిమీద రైట్ క్లిక్ చేస్తే "స్టాట్స్ ఫర్ నెర్డ్స్" అని వస్తుంది. అందులో డ్రాప్ అయిన, అంటే చూపించకుండా వదిలేసిన ఫ్రేముల లెక్క నిమిషం పాటు గమనించండి, అది పెరుగుతూ పోకూడదు. ఇంటికొచ్చాక డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 60 హెర్ట్జ్ (సెకనుకు 60 ఫ్రేములు) కనిపించాలి. కనిపించకపోతే వెంటనే షాపుతో గొడవకి దిగొద్దు, చాలా టీవీల్లో ఆ హెచ్‌డీఎంఐ పోర్టుకి హై క్వాలిటీ సిగ్నల్ ఆప్షన్ విడిగా ఆన్ చేయాలి.

నా డబ్బు సంగతి. షాపాయన మొదట "ఇంకో పన్నెండు వేలు వేయండి, కొత్తది ఇస్తా" అన్నాడు. నేను 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. పక్కా బిల్లు లేకపోవడం వల్ల నా చేయి కిందే ఉంది. నన్ను కాపాడింది రెండే: యూపీఐ చెల్లింపు రికార్డు, "ఐ7, ఫుల్ 4కే సపోర్ట్ మేడమ్" అని ఆయనే పెట్టిన వాట్సాప్ మెసేజ్. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, 5 లక్షల లోపు కేసుకి ఫీజు కూడా ఉండదు అని చెప్పాక దిగొచ్చాడు. పెట్టె తిరిగి తీసుకుని 16,000 ఇచ్చాడు. మిగతాది వాడుకున్నందుకట! పదిహేను రోజులు వాడినందుకు పదకొండున్నర వేలు. ఇంకా పోట్లాడాల్సిందని మావారు ఇప్పటికీ అంటారు. నాకు ఓపిక అయిపోయింది.

ఆ షాపు నంబరు నా ఫోన్‌లో ఇంకా ఉంది. నిన్న వాట్సాప్ స్టేటస్ చూశాను. అదే అద్దం క్యాబినెట్, అవే లైట్లు. "హోమ్ థియేటర్ స్పెషల్, కోర్ ఐ7 కస్టమ్ బిల్డ్, 24,999 మాత్రమే."