వద్దని చెప్పే టూల్: విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్ మీద నా అభిప్రాయం

నా కంప్యూటర్‌లో ఉన్నది ఒకటే ఎస్ఎస్‌డీ, 256 జీబీది. మొదట్లోనే దాన్ని రెండు భాగాలు, అంటే పార్టిషన్లు, చేశారు. సీ డ్రైవ్‌కి 100 జీబీ, మిగిలినదంతా డీకి. ఇంటి నుంచి ప్రూఫ్ రీడింగ్ చేస్తాను కాబట్టి స్కాన్ చేసిన పేజీలు, పీడీఎఫ్‌లు కుప్పలుగా వచ్చి పడతాయి. పోయిన నెల సీ డ్రైవ్ గీత ఎర్రబడింది. చూస్తే 4 జీబీ మిగిలింది. పక్కనే డీలో 80 జీబీ ఊరికే పడి ఉంది. అందులో కొంత తీసి సీకి కలిపేస్తే చాలు కదా అనిపించింది. ఆ పని కోసం విండోస్‌తో పాటే వచ్చే డిస్క్ మేనేజ్‌మెంట్‌ను మూడు వారాల పాటు శ్రద్ధగా వాడి చూశాను.

వేరే టూల్ ఎందుకు తెచ్చుకోలేదంటే, మూడేళ్ల కిందట ఒకసారి తెచ్చుకున్నాను. పేరు చెప్పను, ఉచితంగా దొరికేదే. అందులో డిస్క్ మొదట్లో 100 ఎంబీల చిన్న ముక్క కనిపించింది. దానికి పేరు లేదు, సీ, డీ లాంటి అక్షరం లేదు. పాతదేదో మిగిలిపోయిందనుకుని డిలీట్ నొక్కాను. ఆ టూల్ ఒక్కసారి ఖాయమేనా అని అడిగి తీసేసింది. ఆ రోజంతా కంప్యూటర్ మామూలుగానే నడిచింది. మర్నాడు ఉదయం ఆన్ చేస్తే బూట్ అయ్యే డిస్క్ ఏదీ లేదని నల్లని తెర మీద ఒక్క లైను.

నేను తీసేసింది ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్. కంప్యూటర్ ఆన్ కాగానే విండోస్ ఎక్కడుందో చెప్పే ఫైళ్లు ఉండేది అందులోనే. తమ్ముడు ఫోన్‌లో ఉండి రెండు గంటలు నాతో పనిచేయించాడు. వేరే కంప్యూటర్‌లో విండోస్ ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ తయారుచేసి, దాంతో బూట్ చేసి, డిస్క్‌పార్ట్ అనే కమాండ్ టూల్‌లో ఆ ముక్కను మళ్లీ సృష్టించి ఫ్యాట్32 అనే ఫైల్ పద్ధతిలో ఫార్మాట్ చేశాం. తర్వాత బీసీడీబూట్ కమాండ్‌తో బూట్ ఫైళ్లు రాయించాం. మధ్యలో వాడు, "ఆగక్కా, అక్కడ సీ అంటే నీ సీ కాకపోవచ్చు. లోపల విండోస్ ఫోల్డర్ ఉందో లేదో ముందు చూడు" అన్నాడు. చూస్తే నిజంగానే ఆ రికవరీ తెరలో నా విండోస్ డీ అక్షరం కింద ఉంది. అక్షరం అనేది డిస్క్‌లో అతికి ఉండేది కాదని, నడుస్తున్న విండోస్ తన సౌకర్యం కోసం పెట్టుకునే పిలుపు మాత్రమేనని అప్పుడు అర్థమైంది.

ఇక డిస్క్ మేనేజ్‌మెంట్ సంగతి. విండోస్ మీటతో పాటు ఎక్స్ నొక్కితే వచ్చే మెనూలో ఉంటుంది. చూడ్డానికి పాతకాలం నాటిది, విండోస్ 2000 రోజుల నుంచీ దాదాపు ఇదే రూపం. కింద డిస్క్ 0 అని పొడవాటి పట్టీ, అందులో ముక్కలు. నాకు కనిపించిన వరుస ఇది: 100 ఎంబీ ఈఎఫ్ఐ, 100 జీబీ సీ, సుమారు 600 ఎంబీ రికవరీ, ఆ తర్వాత డీ. ఈఎఫ్ఐ ముక్క మీద రైట్ క్లిక్ చేస్తే హెల్ప్ తప్ప మరో ఆప్షన్ వాడనివ్వదు. సీ అక్షరాన్ని మార్చబోతే కుదరదంటుంది. మూడేళ్ల కిందట నేను ఈ కిటికీలోనే ఉండి ఉంటే ఆ తప్పు చేయడానికి వీలే ఉండేది కాదు. ఇంటి కంప్యూటర్‌కి ఇలా అడ్డుచెప్పే టూలే కావాలని నా గట్టి నమ్మకం.

సీ పెంచే ప్రయత్నం కూడా చేశాను. డీ మీద ష్రింక్ వాల్యూమ్ నొక్కి 30 జీబీ తగ్గించమన్నాను. తగ్గించింది. కానీ ఖాళీ అయిన చోటు డీకి కుడివైపు చివర వచ్చింది. సీ మీద రైట్ క్లిక్ చేస్తే ఎక్స్‌టెండ్ మసకగా ఉంది. ఎందుకంటే ఈ టూల్ ఒక పార్టిషన్‌ను తన కుడివైపు ఆనుకుని ఉన్న ఖాళీలోకి మాత్రమే పెంచుతుంది, ముక్కల్ని పక్కకు జరపడం దానికి రాదు. నా సీకి, ఆ ఖాళీకి మధ్య రికవరీ, డీ రెండూ ఉన్నాయి. సరేనని డీ మీదే ఎక్స్‌టెండ్ నొక్కి ఆ 30 జీబీ తిరిగి ఇచ్చేశాను. ఒక్క ఫైలు కూడా పోలేదు.

ముక్కల్ని జరపాలంటే జీపార్టెడ్ ఉంది. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి వాడతారు, మంచి టూలే. అయితే జరపడమంటే ఆ పార్టిషన్‌లోని డేటాను చోటు మార్చి మళ్లీ రాయడం. మధ్యలో కరెంటు పోతే సగం అక్కడ, సగం ఇక్కడ. రికవరీని తీసేస్తే సులువు కదా అని సలహా ఇచ్చేవాళ్లుంటారు. విండోస్ పాడైన రోజున రిపేర్ చేసే తెర వచ్చేది దాంట్లోంచే, దాన్ని నేను ముట్టుకోను.

చివరికి పార్టిషన్లను అలాగే వదిలేసి ఫైళ్లను జరిపాను. డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ల ప్రాపర్టీస్‌లో లొకేషన్ అనే ట్యాబ్ ఉంటుంది. అక్కడ డీలో ఒక్కోదానికి ఒక్కో కొత్త ఫోల్డర్ చూపించి మూవ్ నొక్కితే ఫైళ్లన్నీ అటు వెళ్లిపోతాయి, పేర్లు మాత్రం పాత చోటే కనిపిస్తాయి. అలా 27 జీబీ వచ్చింది. నా మెషీన్‌లో ర్యామ్ 16 జీబీ. హైబర్నేట్ (ర్యామ్‌లో ఉన్నదాన్ని డిస్క్ మీద దాచి కంప్యూటర్‌ను ఆపే పద్ధతి) వద్దనుకుని తీసేస్తే మరో 6 జీబీ దాకా తేలింది, దాంతో పాటు ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆగిపోతుంది, అది నాకు ఫర్వాలేదు.

ఈ టూల్ నాకు బాగా పనికొచ్చింది డ్రైవ్ అక్షరాల విషయంలో. నా బ్యాకప్ హార్డ్ డిస్క్ ఎప్పుడూ ‘ఈ’ (E) అక్షరంతో వచ్చేది. ముందే ఏదైనా పెన్‌డ్రైవ్ పెట్టి ఉంటే ఆ అక్షరం దానికి పోయి, నా డిస్క్ ఎఫ్ అయ్యేది. బ్యాకప్ ప్రోగ్రామ్ ‘ఈ’ (E) కోసం వెతికి పెన్‌డ్రైవ్ మీద రాయబోయేది. రెండుసార్లు అలా జరిగేసరికి టెన్షన్ పట్టుకుంది. ఇప్పుడు ఆ డిస్క్‌కి టీ అక్షరం ఇచ్చాను. విండోస్ కొత్తగా పెట్టినవాటికి సీ తర్వాత ఖాళీగా ఉన్న మొదటి అక్షరం ఇస్తుంది కాబట్టి అంత దూరం రాదు. ఆ డిస్క్ కోసం టీని రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట, గుర్తుంచుకుంటుంది కూడా. వేరే కంప్యూటర్‌కి పెడితే మాత్రం ఇంకో అక్షరం రావచ్చు, అందుకే వాల్యూమ్ పేరు కూడా బ్యాకప్ అని రాశాను. ప్రోగ్రామ్‌లు ఇన్‌స్టాల్ చేసి ఉన్న డ్రైవ్ అక్షరం మాత్రం మార్చకండి, వాటి దారులన్నీ తెగిపోతాయి. అక్షరం తీసేసినంత మాత్రాన డేటా పోదు, కనబడదంతే.

ఇది కూడా అన్నిచోట్లా ఆపదు. ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో విభజించిన డిస్క్‌లో నాలుగు ప్రైమరీ పార్టిషన్లు దాటబోతే దాన్ని డైనమిక్ డిస్క్ అనే వేరే రకంగా మారుస్తానంటుంది. అక్కడ నో నొక్కండి, దీంతో వెనక్కి తేవాలంటే అన్ని వాల్యూములూ తీసేయాల్సి వస్తుంది. లినక్స్ పార్టిషన్‌కి అక్షరం ఇచ్చి తెరవబోతే ఫార్మాట్ చేయమంటావా అని అడుగుతుంది, అక్కడా అంతే. డిస్క్‌లోని డేటాకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ చేతిలో ఉంచుకుని, దాన్ని సస్పెండ్ చేశాకే సిస్టమ్ డిస్క్ పార్టిషన్ల జోలికి వెళ్లండి. ఇక డిస్క్‌పార్ట్‌లో పార్టిషన్లన్నీ తుడిచేసే క్లీన్ అనే మాటకు ఖాయమేనా అన్న ప్రశ్న కూడా ఉండదు. ఎంచుకున్న డిస్క్ పక్కన ఉండే నక్షత్రం (*) గుర్తు ఎక్కడుందో, సైజు ఎంతో చూడకుండా ఆ మాట టైప్ చేయొద్దు.

నా వరకు అయిదుకి నాలుగు మార్కులు. ఆ ఒక్కటి తగ్గించింది ముక్కల్ని జరపలేనందుకు కాదు. కుదరదని చెబుతుంది కానీ ఎందుకో చెప్పదు. ఎక్స్‌టెండ్ మసకగా ఉంటే కారణం మనమే వెతుక్కోవాలి. ఆ 100 ఎంబీ ముక్క మీద ఇప్పుడున్న పొడి పేరు బదులు "ఇది లేకపోతే కంప్యూటర్ బూట్ కాదు" అని ఒక్క లైను రాసి ఉంటే బాగుండేది.